పంచాయతీకి రాబడి పెరగకుండా పారిశుద్ధ్య కార్మికుడికి వేతనం పెరుగుతుందా?

పెన్నాతీరం (నెల్లూరు):

ఉపాధి కూలీ రేటు, పారిశుద్ధ్య కార్మికుల వేతనం, అంగన్‌వాడీ కార్యకర్తల గౌరవ వేతనం పెంచుతామని చెప్పడానికి ఎన్నికల ముందు ఏ పార్టీ కూడా వెనుకాడదు. అయితే పెంపు ఉత్తర్వు రాజధాని నుంచి వెలువడుతుంది, దాన్ని నెలనెలా చెల్లించే భారం మాత్రం చాలాచోట్ల ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంత వేలం మీద నెట్టుకొచ్చే స్థానిక సంస్థ మీద పడుతుంది. వేతన విధానాన్ని, స్థానిక సంస్థల ఆర్థిక సంస్కరణను వేర్వేరు విషయాలుగా చూడడం వల్లనే రెండూ కుంటుతున్నాయని నా అభిప్రాయం. సభ్యులు దీనిపై పార్టీల ప్రస్తావన లేకుండా చర్చించాలని మనవి.

రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆర్థిక స్థితిపై వెలువరించిన నివేదిక ప్రకారం, దేశంలోని పంచాయతీల మొత్తం రాబడిలో సొంత పన్నుల వాటా 1.1 శాతం, పన్నేతర రాబడి 3.3 శాతం. మిగిలినదంతా గ్రాంట్లే, మొత్తం రాబడిలో సుమారు 80 శాతం కేంద్ర గ్రాంట్లు, 15 శాతం రాష్ట్రాల గ్రాంట్లు. 2022-23లో ఒక్కో పంచాయతీ సగటు రాబడి 21 లక్షల రూపాయల పైచిలుకు మాత్రమే.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడిన సొమ్ము. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ, జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదని అదే సంఘం స్పష్టంగా నిబంధన పెట్టింది. అంటే కాలువ తవ్వడానికి, చెత్త బండి కొనడానికి డబ్బు ఉంటుంది, ఆ కాలువలో దిగేవాడికి, ఆ బండి తోసేవాడికి శాశ్వతంగా జీతం ఇచ్చే దారి ఉండదు. వంద రూపాయల రాబడిలో పంచాయతీ తన ఇష్టప్రకారం జీతానికి కేటాయించగల సొంత సొమ్ము నాలుగున్నర రూపాయలకు మించనప్పుడు, వేతనం పెంచారన్న వార్తకు కార్మికుడు ఎంతవరకు సంతోషించాలి?

విశ్రాంత కార్యదర్శి (కందుకూరు):

పెన్నాతీరం గారి లెక్క సరైనదే. కొన్ని సంగతులు లోపల పనిచేసినవారికి తెలిసినవి చేరుస్తాను.

పంచాయతీకి ఇంటి పన్ను డిమాండు రిజిస్టరులో ఎంత రాసి ఉన్నదన్నదానికీ, ఊళ్లో నిజంగా ఎన్ని కట్టడాలు ఉన్నాయన్నదానికీ పొంతన ఉండదు. పెంకుటిల్లుగా నమోదైనది రెండంతస్తుల మేడ అయి పదేళ్లు గడిచినా రిజిస్టరులో పెంకుటిల్లుగానే ఉంటుంది. కార్యదర్శి కొత్తగా మదింపు చేయబోతే ముందుగా అడ్డుపడేది సర్పంచి. ఆయన దుర్మార్గుడై అడ్డుపడడు. పన్ను పెంచిన చెడ్డపేరు తనకు వస్తుంది, దానివల్ల వచ్చే రాబడితో ఊరికి కనిపించేంత పని జరగదు, పైనుంచి వచ్చే గ్రాంటుతో వేసిన సిమెంటు రోడ్డుకు మాత్రం తన పేరుతో శిలాఫలకం పెట్టుకోవచ్చు. ఈ లెక్క తెలిసిన ఏ మనిషైనా అదే చేస్తాడు.

రెండవది, వీధి దీపాల, తాగునీటి మోటార్ల విద్యుత్ బిల్లు. 2021-22లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని రాష్ట్రమంతటా సర్పంచులు ఆందోళన చేసిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు ముగిసినప్పటి నుంచి 2021లో ఎన్నికలు జరిగేవరకు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర గ్రాంటు నిలిచిపోతుంది. ఈ ఒడిదుడుకులన్నిటిలో మొట్టమొదట వాయిదా పడేది పారిశుద్ధ్య కార్మికుడి జీతమే, ఎందుకంటే విద్యుత్ సంస్థ సరఫరా ఆపగలదు, గుత్తేదారు కోర్టుకు వెళ్లగలడు, కార్మికుడు మర్నాడు కూడా చీపురు పట్టుకుని వస్తాడు.

కావలి కార్మికుడు:

పై రెండు సందేశాలూ బాగున్నాయి. కానీ వాటి చివర తేలేది ఏమిటి? రాబడి సంస్కరణ జరిగేదాకా వేతనం ఆగాలనా? ఈ వాదన మేము ప్రతి సమ్మెలోనూ విన్నదే. 2022 జూలైలో పురపాలక పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసిన తరువాతనే 15,000 రూపాయల వేతనం, 6,000 రూపాయల ఆరోగ్య భత్యం కలిపి 21,000 రూపాయలు ఖాయమయ్యాయి. ఏ ఆర్థిక సంఘం నివేదికా దాన్ని తెచ్చిపెట్టలేదు.

డబ్బు లేదన్న జవాబు చట్టం ముందు నిలవదని కూడా గుర్తు చేయదలచాను. రత్లాం పురపాలక సంఘం కేసులో 1980లో సుప్రీంకోర్టు, నిధులు లేవన్న కారణంతో పారిశుద్ధ్య బాధ్యత నుంచి పురపాలక సంఘం తప్పుకోజాలదని చెప్పింది. 1983లో సంజిత్ రాయ్ కేసులో, కరవు పనులకైనా సరే కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందన్నది. ఇక జిల్లా పరిషత్ ఉపాధ్యాయులకు 010 పద్దు కింద ఖజానా నుంచి నేరుగా జీతం వచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు, అదే పంచాయతీరాజ్ వ్యవస్థలో చెత్త ఎత్తేవారికి ఆ ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? 2015లో ప్రభుత్వోద్యోగులకు 43 శాతం, 2022లో 23 శాతం ఫిట్‌మెంటు (వేతన సవరణలో ఇచ్చే పెంపు) ఇచ్చినప్పుడు ఏ పంచాయతీ ఇంటి పన్ను ఎంతో ఎవరూ అడగలేదు గదా.

అల్లూరు రైతు:

నేను ఆర్థికవేత్తను కాను, వరి, రొయ్యలు రెండూ చేసేవాడిని. వేతనాలు పెరగాలని అందరూ రాస్తున్నారు, మంచిదే. అయితే కూలి పెరిగితే ఇచ్చే చేతులు ప్రభుత్వానివి మాత్రమే కావు. పెన్నా డెల్టాలో నాట్లన్నీ ఇంచుమించు ఒకే సమయంలో పడతాయి, ఆ రోజుల్లో మనిషి దొరకడమే కష్టం. ధాన్యానికి మద్దతు ధర ఢిల్లీలో నిర్ణయమవుతుంది, రొయ్య ధర విదేశీ మార్కెట్లలో నిర్ణయమవుతుంది, కూలి ఒక్కటే మా గట్టు మీద నిర్ణయమవుతుంది.

ఉపాధి పనుల వల్ల కూలీలు రావడం లేదని నా తోటి రైతులు చెప్పే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. మన రాష్ట్రంలో ఉపాధి రేటు 2020-21లో 237 రూపాయలు, 2025-26లో 307 రూపాయలు. పొలం పనికి ఆ రేటుకు వచ్చేవారు మా వైపు ఎన్నడో లేరు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఉపాధి చట్టంలో పనిదినాలను 125కు పెంచి, విత్తే, కోసే కాలాల్లో మొత్తం 60 రోజులు పనులు ఆపడానికి వీలు కల్పించారు. రైతుగా నాకు అది అనుకూలమే, కానీ ఆ 60 రోజుల్లో పొలం పని దొరకని మెట్ట ప్రాంతపు కూలీ, అంటే ఉదయగిరి, కనిగిరి వైపువారు, ఏం తింటారన్నది ఆలోచించవలసిన విషయం.

కావలి కార్మికుడు:

అల్లూరు రైతు గారు న్యాయంగా మాట్లాడారు. ఒక్క సంగతి చేరుస్తాను. పాత ఉపాధి హామీ చట్టంలో నైపుణ్యం లేని పనికి కూలి మొత్తం కేంద్రమే భరించేది, కొత్త చట్టంలో మన వంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోగా రాష్ట్రానికి మిగిలేది అంతంతమాత్రం కనుక, ఈ భారం చివరికి పంచాయతీలకు ఇవ్వవలసిన వాటా మీదనే పడుతుందని నా భయం.

ఒంగోలు ఉపన్యాసకురాలు:

చర్చ అంతా ఇంటి పన్ను చుట్టూ తిరుగుతోంది. వేతనాల పెరుగుదలకూ స్థానిక సంస్థల రాబడికీ నేరుగా సంబంధం ఉండవలసిన పన్ను మరొకటి ఉన్నది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. అది వృత్తి పన్ను.

రాజ్యాంగం 276వ అధికరణం వృత్తులపై, ఉద్యోగాలపై రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ పన్ను విధించవచ్చునంటూనే, దానికి గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ పరిమితి మొదట ఏడాదికి 250 రూపాయలు. 1988లో అరవయ్యవ సవరణ ద్వారా దాన్ని 2,500 రూపాయలు చేశారు. అప్పటి నుంచి జీతాలు ఎన్ని రెట్లు పెరిగాయో ప్రతి కుటుంబానికీ తెలుసు, పరిమితి మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు. మన రాష్ట్రంలో నెలకు 15,000 దాటి 20,000 వరకు జీతం ఉన్నవారు 150 రూపాయలు, అంతకు మించినవారు 200 రూపాయలు చెల్లిస్తారు. కావలి కార్మికుడు గారు చెప్పిన 21,000లో భత్యాన్ని కూడా కలిపి లెక్కిస్తే, వీధి ఊడ్చే మనిషీ, ఆ వీధిలో నివసించే ఉన్నతాధికారీ కట్టవలసిన వృత్తి పన్ను ఒకటే, నెలకు 200 రూపాయలు. దీనికి పన్ను అన్న పేరు ఉన్నది గానీ ఆచరణలో తలపన్నుకు దీనికి పెద్ద తేడా లేదు. పదిహేనవ ఆర్థిక సంఘం ఈ పరిమితిని ఏడాదికి 18,000 రూపాయలకు పెంచాలని సిఫారసు చేసింది. రాజ్యాంగ సవరణ కావాలి కాబట్టి ఆ సిఫారసు అక్కడే ఉన్నది.

పోలిక కోసం జపాన్ సంగతి చెబుతాను. అక్కడ నివాస పన్ను వ్యక్తి ఆదాయంలో సుమారు 10 శాతం. సాధారణంగా 6 శాతం పురపాలికకు, 4 శాతం ప్రిఫెక్చరుకు (మన రాష్ట్రం వంటి పాలనా విభాగం) వెళుతుంది. ఊరివారి జీతాలు పెరిగితే ఊరి ఖజానా పెరుగుతుంది. 2004 నుంచి 2006 వరకు ప్రధాని కొయిజుమి ప్రభుత్వం చేసిన సంస్కరణలో భాగంగా సుమారు 3 లక్షల కోట్ల యెన్ల మేర పన్ను ఆధారాన్ని కేంద్రం నుంచి స్థానిక ప్రభుత్వాలకు బదిలీ చేశారు. అయితే అదే సంస్కరణలో సబ్సిడీలను 4.7 లక్షల కోట్ల యెన్లు, కేంద్రం పంచే సాధారణ వాటాను 5.1 లక్షల కోట్ల యెన్లు తగ్గించారు. ఇచ్చినదానికంటే తీసుకున్నది ఎక్కువ కావడంతో, జీతాలు పెద్దగా లేని గ్రామీణ ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి. కనుక "పన్ను అధికారం ఇస్తున్నాం, గ్రాంటు తగ్గిస్తున్నాం" అని ఎవరైనా ఒకే నోటితో అంటే అనుమానించాలి. నెల్లూరు నగరానికి ఆ బేరం లాభించవచ్చు, వెలిగండ్ల వంటి మెట్ట మండలానికి లాభించదు.

పెన్నాతీరం (నెల్లూరు):

ఉపన్యాసకురాలు గారికి ధన్యవాదాలు. వృత్తి పన్ను విషయం నేను ఇంత లోతుగా ఆలోచించలేదు. ఒక సందేహం. మన రాష్ట్రంలో 1987 చట్టం కింద ఈ పన్నును వసూలు చేసేది వాణిజ్య పన్నుల శాఖ. పరిమితి 18,000 అయినా, పెరిగిన సొమ్ము ముందు రాష్ట్ర ఖజానాలోకి వెళ్లి, అక్కడి నుంచి స్థానిక సంస్థలకు రావాలి. దారిలో ఎంత ఆగుతుందో చెప్పగలమా?

చీమకుర్తి నివాసి:

దారిలో ఆగడం గురించి మమ్మల్ని అడగండి. గెలాక్సీ గ్రానైటు అంటే ప్రపంచమంతటికీ చీమకుర్తి గుర్తుకు వస్తుంది. క్వారీల లారీలతో రామతీర్థం రోడ్డు ఎలా ఉంటుందో, దుమ్ముతో ఇళ్లు ఎలా ఉంటాయో వచ్చి చూడవచ్చు. చిన్న ఖనిజాల సీనరేజిలో (ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వం తీసుకునే రుసుము) స్థానిక సంస్థలకు వాటా ఇవ్వాలన్న పద్ధతి మన రాష్ట్రంలో చాలాకాలంగా ఉన్నది. కానీ వాటా ఎప్పుడు జమ అవుతుంది, ఏ సంవత్సరపుది జమ అయింది అన్నది స్థానిక పాలకవర్గానికే తెలియనప్పుడు, దాన్ని నమ్ముకొని ఒక కార్మికుడిని నియమించడం ఎలా? 2015 గనుల చట్ట సవరణ తరువాత జిల్లా ఖనిజ నిధి వచ్చింది. మంచి ఉద్దేశమే. అయితే ఆ నిధిపై నిర్ణయం జిల్లా స్థాయిలో జరుగుతుంది, దుమ్ము పీల్చే ఊరి వార్డు సభ్యుడి మాటకు అక్కడ ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మరో సంగతి కూడా ఉన్నది. క్వారీల్లో, పాలిషింగు యూనిట్లలో పనిచేసేవారిలో చాలామంది ఒడిశా, బీహార్, రాజస్థాన్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది, దేశమంతటికీ చట్టబద్ధమైన కనీస వేతనపు అడుగు హద్దును కేంద్రం నిర్ణయించాలని అందులో ఉన్నది. అంతకు ముందు ఉన్న జాతీయ కనీస స్థాయి 2017 నుంచి రోజుకు 176 రూపాయలు, అదీ చట్టబద్ధం కాదు. ఈ కార్మికులు మా ఊళ్లో ఉంటారు, మా నీళ్లు తాగుతారు, వారి నివాసాల చెత్త మా స్థానిక సంస్థే ఎత్తాలి. వారి వేతనం పెరిగితే మాకు సంతోషమే, కానీ దానివల్ల స్థానిక ఖజానాకు చేరేది శూన్యం.

బిట్రగుంట వాసి:

మా ఊళ్లో మరీ విచిత్రం. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉన్న రైల్వే ఊరు మాది, ఇప్పటికీ రైల్వే భూములు విస్తారంగా ఉన్నాయి. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తిపై స్థానిక సంస్థ పన్ను వేయరాదు. సేవా రుసుము చెల్లించాలని 2009లో సుప్రీంకోర్టు రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసు సందర్భంలో నిర్దేశించింది, సేవల స్థాయిని బట్టి ఆస్తి పన్నులో 75 శాతం, 50 శాతం, లేదా మూడింట ఒక వంతు. దేశంలో ఎన్ని చిన్న పంచాయతీలు ఆ రుసుము అడిగి తెచ్చుకోగలవు? రైల్వే డివిజను కార్యాలయానికి ఉత్తరం రాసే ఓపిక, దాని వెంట తిరిగే దారిఖర్చు మా కార్యదర్శికి ఉండవు.

విశ్రాంత కార్యదర్శి (కందుకూరు):

పట్టణాల సంగతి కొంత భిన్నం, అది కూడా రికార్డులో ఉండాలి. 2020లో కోవిడ్ సమయంలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పుకు అనుమతి ఇస్తూ, అందులో రాష్ట్ర స్థూలోత్పత్తిలో 0.25 శాతం మేరకు పట్టణ స్థానిక సంస్థల సంస్కరణలకు ముడిపెట్టింది. ఆ తరువాత మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా లెక్కించడం మొదలైంది. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు రేటు ఉండవచ్చునన్నారు, ఏడాదికి పెంపు 15 శాతం మించరాదన్నారు. ప్రజలు ఎంత వ్యతిరేకించినా, రాబడి ఆధారం ఏటా కొంత కదిలే పద్ధతి అది ఒక్కటే.

దానికి ఎదురు, అదే 2021 అక్టోబరులో మొదలైన చెత్త సేకరణ రుసుము. ఇంటింటికీ తిరిగి వసూలు చేయవలసి రావడంతో అది చెత్త పన్నుగా పేరుపడి, 2024 అక్టోబరు 2న రద్దు ప్రకటన వెలువడేవరకు జనానికి చిరాకు కలిగిస్తూనే వచ్చింది. రద్దు చేయడం తప్పని నేను అనను, మురికివాడ ఇంటిపై నెలవారీ రుసుము న్యాయం కాదు. కానీ ఆ బండ్ల ఖర్చు, ఆ కార్మికుల వేతనం రద్దు కాలేదు. ఆ లోటును ఏ పద్దు నుంచి పూడ్చాలో రద్దుతో పాటే చెప్పి ఉండవలసింది.

కావలి కార్మికుడు:

ఒప్పుకుంటాను. మా సభల్లో చెత్త పన్ను రద్దుకు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ రద్దు సరైనదేనంటాను. అయితే నా మౌలికమైన అభ్యంతరం అలాగే ఉన్నది. మీరందరూ రాబడి మార్గాలు వెతుకుతున్నారు, నేను చెల్లింపు వరుస గురించి అడుగుతున్నాను. ఉన్న రాబడిలోనైనా మొదటి చెల్లింపు వేతనానిదై ఉండాలి, తరువాతే కరెంటు, ఆ తరువాతే గుత్తేదారు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు.

ఒంగోలు ఉపన్యాసకురాలు:

వరుస విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ 010 పద్దు వంటి ఏర్పాటు కోరడంలో ఒక ప్రమాదం ఉన్నది. జీతం ఖజానా నుంచి వస్తే కార్మికుడు క్షేమంగా ఉంటాడు, అదే సమయంలో పంచాయతీకి అతడి మీద, అతడికి పంచాయతీ మీద ఉన్న సంబంధం తెగిపోతుంది. ఉపాధ్యాయుల విషయంలో జరిగింది అదే. బడి ఊరిది, జీతం ఖజానాది, అజమాయిషీ మరెవరిదో. పట్టణాల్లో పొరుగు సేవల కార్మికులను ఆప్కాస్ (పొరుగు సేవల కోసం రాష్ట్రం పెట్టిన ప్రభుత్వ సంస్థ) కిందికి తెచ్చినప్పుడు దళారుల బెడద తగ్గింది, అది నిజమైన మేలు. ఆ సంస్థ చెల్లించే జీతానికి సొమ్ము సమకూర్చవలసింది మాత్రం పురపాలికే గదా.

నేను కోరేది ఇది: రాజ్యాంగం 243-ఐ అధికరణం ప్రకారం ఐదేళ్లకొకసారి వేయవలసిన రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని సకాలంలో వేసి, దాని నివేదికను శాసనసభ ముందు పెట్టి, వేతనాల కోసం ప్రత్యేకంగా ఒక వాటాను రాష్ట్ర పన్నుల్లోంచి సూత్రం ప్రకారం ఇవ్వాలి. వేతన ఉత్తర్వు వెలువడిన నాడే ఆ వాటా కూడా దామాషాలో పెరగాలి. 2024 మార్చి తరువాత రాష్ట్ర ఆర్థిక సంఘం నిబంధనలు పాటించని రాష్ట్రాలకు గ్రాంట్లు ఇవ్వవద్దని పదిహేనవ సంఘం అన్నదంటే, ఈ విషయంలో రాష్ట్రాలు ఎంత అలసత్వం చూపాయో ఊహించవచ్చు. 2026 ఏప్రిల్ నుంచి పదహారవ ఆర్థిక సంఘం కాలం కాబట్టి ఈ మాట అడగడానికి ఇదే అదను.

అల్లూరు రైతు:

నాకొక చిన్న ప్రశ్న. మా పంచాయతీలో పన్ను పెంచితే నేను కడతాను, కానీ నా పక్కవాడి హేచరీ షెడ్డుకు ఎంత వేశారో నాకు తెలియాలి. డిమాండు రిజిస్టరును పంచాయతీ కార్యాలయం గోడకు అంటించమని, వసూలైన దాంట్లో కార్మికుల జీతానికి ఎంత వెళ్లిందో దాని పక్కనే రాయమని గ్రామసభలో అడగవచ్చునా?

విశ్రాంత కార్యదర్శి (కందుకూరు):

నిరభ్యంతరంగా అడగవచ్చు. రిజిస్టరు రహస్య పత్రం కాదు. కార్యదర్శి సందేహిస్తే సమాచార హక్కు కింద దరఖాస్తు ఇవ్వండి. అయితే గ్రామసభలో అడిగేటప్పుడు హేచరీ ఒక్కదాని పేరు చెప్పవద్దు, అది పాత పగల కింద లెక్క అవుతుంది. ఊళ్లోని వ్యాపార కట్టడాలన్నిటి జాబితా, ప్రతిదాని పన్ను, చివరిసారి మదింపు చేసిన సంవత్సరం కలిపి అడగండి. మూడవ గడిలోనే అసలు సంగతి బయటపడుతుంది. కార్మికుల జీతం బకాయిని కూడా అదే తీర్మానంలో అంకెతో సహా రాయించండి. అంకె లేకుండా నోటిమాటగా చెప్పిన బకాయిని తరువాత వచ్చే పాలకవర్గం తనది కాదంటుంది.